రాదని ఎవురు చెప్పినారు?

పోయిన వారం నంద్యాలలో మా కాలేజీకి ఒక తండ్రి తన కూతురిని చేర్పించడానికి తీసుకొచ్చాడు. బండి ఆత్మకూరు దగ్గరి పల్లె, వరి పండించే రైతు. పిల్ల ఆయన వెనక సగం దాక్కుని నిలబడింది. నేను లెక్కల లెక్చరర్నని తెలియగానే ఆయన ముందుగానే ఒక మాట చెప్పిపెట్టాడు. "ఈ పాపకు లెక్కలు రావు మేడం. మీరే రొంత చూసుకోవల్ల." మాటలో కోపమేమీ లేదు. పిల్లకు ఎండ పడదనో, పాలు సరిపడవనో చెప్పినట్టు చెప్పాడు. ఆ పిల్ల కూడా అది పుట్టుమచ్చలాంటిదే అన్నట్టు తలూపింది.

"రాదని ఎవురు చెప్పినారు?" అన్నాను.

అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పీ చెప్పీ నా మాట పుస్తకాల భాషకు మళ్లిపోయింది. నేను "ఎవరు" అంటాను గానీ "ఎవురు" అనను. ఆ ప్రశ్న, ఆ యాస, గడ్డం కొంచెం పైకెత్తి ఎదుటి మనిషి కళ్లలోకి సూటిగా చూడడం, ఇవేవీ నావి కావు. ఆళ్లగడ్డ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నాకు లెక్కలు చెప్పిన మేడంవి. పాపం ఆ తండ్రి కూతురి వైపు చూసి, అందరూ అంటారు మేడం అన్నాడు. ఆ అందరిలో మొదట అన్నదెవరో చెప్పమని ఆయన్ను కూర్చోబెట్టాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. వెళ్లేటప్పుడు ఆ పిల్ల తండ్రి వెనక కాకుండా పక్కన నడిచింది. వాళ్లు గేటు దాటాక నేను స్టాఫ్ రూములో మేడంను తలుచుకుంటూ ఉండిపోయాను. ఆమె పోయి ఎక్కువ కాలం కాలేదు.

మనిషి పొట్టి. గొంతు మాత్రం మా కాలేజీ ఆవరణ దాటి రోడ్డు మీదికి వినిపించేది. వెలుగోడు వైపు ఒక పల్లెలో బడిపంతులు కూతురు. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ల గొంతులు వినపడవని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. కుడిచేతికి మగవాళ్ల వాచీ. భుజాన గుడ్డసంచి. అందులో పుస్తకాల కంటే బొరుగులు, పప్పులు, బెల్లం ముక్కలే ఎక్కువ. క్లాసులోకి రాగానే హాజరు పిలిచేవారు కాదు. ఏం తిని వచ్చినారని అడిగేవారు. ఒక్కొక్కరి ముఖం చూసి మరీ అడిగేవారు. అబద్ధం చెప్తే పట్టేసేవారు. ఉత్త కడుపుతో వచ్చినవాళ్ల చేతుల్లో దోసెడు బొరుగులు పోసి, అవి నమిలి మింగేదాకా బోర్డు మీద సుద్దముక్క ఆనించేవారు కాదు. మీరు లెక్కలు చెప్తున్నారా, అంగడి పెట్టారా అని పక్క క్లాసు లెక్చరర్ ఒకాయన ఎగతాళి చేశాడట. ఆకలైన పిల్లకు లెక్క ఎట్ల ఎక్కుతుందో మీరు చెప్పండి, నేనూ నేర్చుకుంటాను అన్నారట ఆమె.

తప్పు చేసిన లెక్కను తుడవనిచ్చేవారు కాదు. ఎవరైనా గబగబా కొట్టేయబోతే చెయ్యి పట్టుకునేవారు. అది అట్లే ఉండనీ, పక్కన మళ్లీ చెయ్యి, యాడ జారినావో రేపు చూసుకోవల్ల గదా అనేవారు. ఆమె నోట "శభాష్" నేను ఎన్నడూ వినలేదు. లెక్క కుదిరితే పెదవులు బిగించి ఒకసారి తలూపి, అంతకంటే కష్టమైనది ఇచ్చేవారు. మాకు అదే పెద్ద పొగడ్త. పరీక్ష పెడితే మార్కులు పైకి చదివేవారు కాదు. కాగితాన్ని మడిచి ఎవరిది వాళ్ల అరచేతిలో పెట్టేవారు. ప్రతి సోమవారం వెనక బెంచీ వాళ్లు ముందుకు రావాలి, ముందువాళ్లు వెనక్కి పోవాలి. దీని మీద ముందు బెంచీ వాళ్ల ఇళ్ల నుంచి ఫిర్యాదులు కూడా వచ్చాయి. ఆమె ఆ ఫిర్యాదులన్నీ శ్రద్ధగా విని, సోమవారం రాగానే మళ్లీ అందర్నీ లేపి మార్చేవారు.

ఇక "నాకు రాదు" అన్న మాట ఎవరి నోట వచ్చినా పాఠం ఆగిపోయేది. సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుని, దగ్గరికి వచ్చి ఆ ప్రశ్న అడిగేవారు. రాదని ఎవురు చెప్పినారు? ఆమెకు నిజంగానే ఆ మనిషి పేరు కావాలి. ఒకడు ట్యూషన్ సారు పేరు చెప్పాడు. ఒకమ్మాయి మేనమామ పేరు చెప్పింది. పేరు దొరికితే మేడం ఊరుకునేవారు కాదు. సాయంత్రం నల్ల గొడుగు చేతబట్టుకుని ఆ మనిషిని వెతుక్కుంటూ బయల్దేరేవారు.

నాకూ అలాగే జరిగింది.

మా నాయనకు ఆళ్లగడ్డ బజారులో ఇనుప సామాన్ల అంగడి, దాని వెనకే మా ఇల్లు. మేకులు, గొలుసులు, తాళ్లు, విగ్రహాలు చెక్కేవాళ్లకు ఉలులు, సుత్తులు. పదో తరగతిలో నాకు మంచి మార్కులే వచ్చాయి. నాయన మురిసిపోయి నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో చేర్పించాడు. అక్కడ వారం వారం పరీక్ష. మార్కులను కింది నుంచి పైకి చదివేవాళ్లు. ఒకసారి నా పేరు మొదట్లోనే వినపడింది. దాని తర్వాత నాకు ఇంకేమీ వినపడలేదు. మార్కులను బట్టి సెక్షను మార్చేశారు. నిన్నటిదాకా పక్కన కూర్చుని తిన్న స్నేహితురాలు మరుసటి రోజు నుంచి వేరే వరుసలో తినేది, చూసీ చూడనట్టు పోయేది. ఆ తర్వాత హాస్టల్లో బాగా వచ్చిన లెక్క కూడా పరీక్ష కాగితం చూడగానే తల్లోంచి జారిపోయేది. మొదటి సంవత్సరం లెక్కల్లో ఫెయిలయ్యాను. ఇంటికి వచ్చి, తెచ్చిన పెట్టెను తెరవకుండానే మంచం కిందికి తోసి, ఇక చదవనని చెప్పాను.

నాయన తిట్టలేదు. "ఆ పిల్లకు లెక్కలు రావులే. మన వంశంలోనే ల్యావు" అన్నాడు అమ్మతో. నన్ను ఊరడించడానికే అన్నాడు. నాకూ ఆ మాట హాయిగానే అనిపించింది. వంశంలోనే లేనిదానికి నేను చేయగలిగేదేముంది? అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని పట్టుబట్టి ఆళ్లగడ్డ ప్రభుత్వ కాలేజీలో రెండో సంవత్సరానికి మార్పించింది. తప్పిన లెక్కలూ, కొత్త లెక్కలూ కలిపి రాయాలి.

మొదటి రోజే మేడం నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. నేను లేచి నిలబడి, అక్కడి నుంచే, నాకు లెక్కలు రావు మేడం అన్నాను. ఆమె సుద్దముక్క కింద పెట్టి దగ్గరికి వచ్చారు. ప్రశ్న అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను.

"ఎవురో చెప్పింటారు పాపా," అన్నారు. ఆ పెద్ద గొంతును నా ఒక్కదానికే వినపడేంతగా తగ్గించారు. "పుట్టినప్పుడే ఎవురికీ తెలీదు అట్ల."

నాకు ఏడుపొచ్చింది. నంద్యాలలో పేర్లు చదివిన సంగతి చెప్పాను. ఆమె వింటూ నిలబడ్డారు, ఇంకా ఏదో ఉందన్నట్టు. చివరికి మా నాయన మాట కూడా చెప్పాను. ఆమె వాచీ చూసుకుని, మీ అంగడి ఎన్ని గంటలకు తీస్తారు అని అడిగారు.

మర్నాడు పొద్దున్నే అంగడి ముందు నల్ల గొడుగు కనిపించింది. నాయన ఆమెకు స్టూలు వేయించి, కుర్రాణ్ణి టీకి పంపాడు. విగ్రహాలు చెక్కే శిల్పి ఒకాయన ఉలులు ఏరుకుంటున్నాడు. నేను లోపల తలుపు దగ్గర నిలబడ్డాను. మేడం టీ తాగేదాకా వానల సంగతి మాట్లాడి, గ్లాసు పక్కన పెట్టి, ఈ పాపకు లెక్కలు రావని మీరు అన్నారంట కదా అన్నా, అని అడిగారు. నాయన నవ్వాడు. నేను అనేదేముంది మేడం, మార్కులే చెప్తాండాయి గదా అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ చదువు అబ్బలేదనీ, తనకే అబ్బలేదనీ చెప్పాడు.

"మీకు అబ్బదని ఎవురు చెప్పినారు?"

నాయన నవ్వు ఆగిపోయింది. చేతిలో ఉన్న తాడు చుట్టను కాసేపు తిప్పాడు. శిల్పి కూడా ఉలులు ఏరడం ఆపేశాడు.

"మా నాయన," అన్నాడు. "బడి మాన్పించి ఈ అంగట్లో కూర్చోబెట్టినప్పుడు చెప్పినాడు. నీ తలకు చదువు ఎక్కదులేరా అని."

ఆ సంగతి అంతవరకూ నాకు తెలియదు. అమ్మకు కూడా తెలియదనుకుంటాను. నాయన చదువుకోవాలనుకున్నాడని, ఎవరో వద్దంటే మానేశాడని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆయనకు చదువు రాలేదంతే, వర్షం రాలేదన్నట్టుగా.

మేడం స్టూలు మీది నుంచి లేచి గొడుగు అందుకున్నారు. "మీ నాయన తెలీక అన్నాడు అన్నా. మీకు ఇప్పుడు తెలిసింది. మీరు అన్న మాట ఈ పాపకే చెప్పి వెనక్కి తీసుకోండి. మీరు తీసుకోకపోతే నేను ఎంత చెప్పినా ఆ పిల్లకు ఎక్కదు." అంతే చెప్పి కాలేజీకి వెళ్లిపోయారు.

ఆ రోజంతా నాయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేడం మీద కోపం వచ్చిందనుకున్నాను. మర్నాడు నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆయన అంగట్లో మేకులు పొట్లాలు కడుతున్నాడు. నా వైపు చూడకుండానే పిలిచాడు.

"పాపా. నేనన్నది తప్పు. నీకు వస్తాది."

పొట్లం కట్టడం ఆపలేదు. బజారు దాటేదాకా నడిచాను, తర్వాత ఎందుకో పరుగెత్తాను. కాలేజీకి చేరేసరికి ఆయాసంతో మాట రాలేదు. మేడం నా ముఖం చూసి ఏమీ అడగకుండానే బోర్డు దగ్గరికి పొమ్మని చెయ్యి చూపించారు. వెళ్లాను. ఆ రోజు లెక్క తప్పే చేశాను. కానీ తుడవలేదు. పక్కన మళ్లీ చేశాను.

ఆ సోమవారం నా పక్కన సువార్త అనే అమ్మాయిని కూర్చోబెట్టారు. సువార్త అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఆ అమ్మాయి లెక్కను చూసీ చూడగానే దారి కనిపెట్టేది. కానీ నోరు తెరవదు, అడిగితే తల వంచుకుంటుంది, పరీక్షలో సగం రాసి ఇచ్చేస్తుంది. నాకేమో దారి దొరకదు గానీ, దొరికిందాన్ని వరసగా, నలుగురికీ అర్థమయ్యేలా రాయడం వచ్చు. నీకు తెలిసింది ఆమెకు చెప్పు, ఆమెకు తెలిసింది నువ్వు అడుగు అన్నారు మేడం. మొదట్లో ఇద్దరం బిగుసుకుపోయి కూర్చున్నాం. నెమ్మదిగా మాటలు కలిశాయి. సువార్త నాకు లెక్క చెప్తూ చెప్తూ పక్క బెంచీకి వినపడేంత గొంతు తెచ్చుకుంది.

పత్తి తీసే రోజులు రాగానే సువార్త రావడం మానేసింది. మేడం నన్ను వెంటబెట్టుకుని వాళ్ల పల్లెకు వెళ్లారు. ఆ అమ్మాయి చేనులో ఉంది, ఒడి నిండా పత్తి. వాళ్లమ్మ మమ్మల్ని చూసి కంగారు పడింది. ఈడ పత్తి అయిపోతానే మేము సుగ్గికని నెలల తరబడి పరాయి ఊళ్లకు కూలికి పోతాం, ఇంట్లో ఒక్కటే పిల్లను ఎట్ల వదిలిపెడతాం, అందుకే వెంట తీసుకుపోతాం అంది. మేడం ఆమెతో వాదించలేదు. ఆమె చెప్పిందీ నిజమేనని దారిలో నాతో అన్నారు. పిల్ల ఉండడానికి చోటు లేకపోతే చదువుకునేది యాడ?

ఇంటికొచ్చి ఆ సంగతి నాయనకు చెప్పాను. మర్నాడు ఆయనే కాలేజీకి వచ్చాడు. కాలేజీ గేటు లోపలికి రావడం ఆయనకు అదే మొదటిసారి. స్టాఫ్ రూము గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఆ పిల్లను మా ఇంటికి పంపియ్యండి మేడం. పరీక్షలు అయ్యేదాకా మా పాపతో పాటు ఉంటాది."

మేడం పెదవులు బిగించి ఒకసారి తలూపారు.

అమ్మకు ఇది అంత సులభం కాలేదు. మా ఇంట్లో మడి, ఆచారం ఉన్నాయి. సువార్తకు వేరే పళ్లెం, వేరే గ్లాసు తీసి పెట్టింది. సువార్త అలవాటైనదే అన్నట్టు తిని కడిగి పెట్టేది. ఒకరోజు సాయంత్రం మేము అంగడి పైగదిలో చదువుకుంటుంటే అమ్మ మెట్ల మీద నిలబడి వింది. సువార్త నాకు లెక్క చెప్తోంది. నేను మూడోసారి అదే తప్పు చేస్తే, విసుక్కోకుండా, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ రాత్రి అమ్మ ఇద్దరికీ ఒకేలాంటి పళ్లేల్లో అన్నం పెట్టింది. ఆ వేరే పళ్లెం ఏమైందో నేను మళ్లీ చూడలేదు.

పరీక్షలకు ముందు మేడం మా క్లాసునంతా ఖాళీ పరీక్ష హాలులోకి తీసుకెళ్లి ఊరికే కూర్చోబెట్టేవారు. కాగితం లేదు, ప్రశ్న లేదు. కాసేపు మాట్లాడుకోండి, నవ్వుకోండి, ఈ చోటు మీదే అనేవారు. లెక్కల పరీక్ష రోజున ఆమె గేటు దగ్గర బొరుగుల సంచితో నిలబడ్డారు. హాలులో ప్రశ్నపత్రం చూడగానే నాకు మళ్లీ నంద్యాలలో పేర్లు చదివే గొంతు వినపడింది. కానీ ఈసారి అది ఒక్కటే వినపడలేదు. దాని పక్కనే మా నాయన గొంతు కూడా ఉంది, మేకులు పొట్లం కడుతూ. తెలిసిన లెక్క ఒకటి వెతుక్కుని మొదలుపెట్టాను. అది పూర్తయ్యేసరికి రెండోది కనిపించింది.

ఫలితాలు వచ్చిన పొద్దున అంగట్లో మేమందరం ఫోను చుట్టూ మూగాం. నేను రెండు సంవత్సరాల లెక్కలూ పాసయ్యాను, అదీ నేను ఆశపడ్డ దానికంటే చాలా మంచి మార్కులతో. సువార్తకు లెక్కల్లో మా కాలేజీ అంతటికీ ఎక్కువ మార్కులు. సువార్త తన నంబరు మళ్లీ కొట్టి చూడమంది. మళ్లీ చూశాం. అవే మార్కులు. అప్పుడు నవ్వింది. అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు.

నాయన అంగడి షట్టరు దించేశాడు. పండగకో చావుకో తప్ప పట్టపగలు ఆ షట్టరు దిగడం నేను చూడలేదు. చొక్కా మార్చుకుని, మా ఇద్దర్నీ చెరోపక్క నడిపించుకుంటూ బజారు మధ్యలోంచి మేడం ఇంటికి బయల్దేరాడు. ఎదురైనవాళ్లంతా యాడికి పోతాండావన్నా అని అడిగారు. మా పిల్లోల్లు పాసైనారు, మేడంకు చెప్పను పోతాండాం అని ప్రతి ఒక్కరికీ నిలబడి చెప్పాడు. మా పిల్లోల్లు అన్నాడు, ఇద్దర్నీ కలిపి. దారి పొడుగునా అదే మాట.

మేడం వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నారు. మమ్మల్ని చూసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, ముందు మా నాయన ముఖం చూశారు. మార్కులు అడగలేదు. నవ్వారు. ఆ నవ్వుకు పక్కిళ్ల వాళ్లు బయటికొచ్చారు.

సువార్త ఇప్పుడు వెలుగోడు జలాశయం దగ్గర ఇంజినీరు. నేను నంద్యాలలో లెక్కలే చెబుతున్నాను. మేడం రిటైరయ్యాక చర్చిలో పాడుకుంటూ కాలక్షేపం చేస్తారనుకున్నాం. ఆమె దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ కట్టారు. నా సర్వీసంతా నాకు తోచినట్టు చేసినాను, అది ఎందుకు పనిచేసిందో పెద్దోళ్లు ఏం రాసినారో చూడవల్ల అన్నారు. ఆ పరీక్షలన్నీ ఆమె ఫస్టు క్లాసులో పాసయ్యారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం మొదటి పరీక్ష. సెంటరు మా నంద్యాల కాలేజీయే. ఆ హాలుకు ఇన్విజిలేటరుగా పడింది నేనే.

ఆమె లోపలికి రాగానే కుర్రవాళ్లంతా ఎవరో తనిఖీకి వచ్చారనుకుని లేచి నిలబడ్డారు. కూర్చోండి కూర్చోండి, నేనూ మీలాగే అని ఆమె తన నంబరు వెతుక్కుంటూ కిటికీ పక్కకు వెళ్లి కూర్చున్నారు. నేను ప్రశ్నపత్రం ఇవ్వడానికి దగ్గరికి వెళ్లాను. ఆమె దాన్ని అందుకోలేదు. నా వైపు చూశారు.

"భయమేస్తాంది పాపా," అన్నారు మెల్లగా.

అంతమంది పిల్లలకు భయం పెట్టినవాళ్ల పేర్లు అడిగి, గొడుగు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ భయాన్ని దించిన మనిషి. హాలులో నేను మాట్లాడకూడదు. హాల్ టికెట్ మీద సంతకం పెట్టే నెపంతో వంగి, ఆమె చేతి మీద నా చెయ్యి ఉంచాను. ఆమె ఊపిరి తీసుకున్నారు. పత్రం అందుకున్నారు. మొదటి పేజీ నెమ్మదిగా నిండింది. ఆ తర్వాత ఆమె తలెత్తలేదు. కుర్రవాళ్లు ఒక్కొక్కరే ఇచ్చేసి వెళ్లిపోతున్నారు. ఆమె లేచి నిలబడి అదనపు కాగితం అడిగారు. ఇచ్చాను. ఇంకాసేపటికి మళ్లీ లేచారు. చివరి గంట మోగేసరికి హాలులో మిగిలింది ఆమె ఒక్కరే. ఆఖరి వాక్యానికి చుక్క పెట్టి, కాగితాలన్నీ దారంతో గట్టిగా కట్టి నా చేతిలో పెట్టారు.

వరండాలోకి వచ్చాక, ఎట్ల రాసినారు మేడం అని అడిగాను.

"నాకు వచ్చినదంతా రాసినా," అన్నారు, ఆ పాత పెద్ద గొంతుతో, కాలేజీ అంతా వినపడేలా. "వాళ్ల కాగితాలే చాల్లేదు."